అమ్మమ్మ ఏమంది?

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటాడు. ఆ రోజు పొద్దున్న బయల్దేరుతుంటే, "ఇవాళ ఒక్కరోజు దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళు" అన్నాడు. నవ్వే ఓపిక నాకు లేకపోయింది.

విషయం ఇదీ. మాట రాని పిల్లలకూ, మాట ఆలస్యమైన పిల్లలకూ చదువు చెప్పే ప్రత్యేక తరగతి నాది. ఇలాంటి తరగతుల్లో సగానికి సగం ఇక్కడికి వలసొచ్చిన, మా భాష మాట్లాడే ఇళ్ళ పిల్లలే. టీచర్లలో మావాళ్ళు మాత్రం వెతికినా దొరకరు. అందుకని విశ్వవిద్యాలయం ఒక పథకం పెట్టింది. మాలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన టీచర్లకు నెలనెలా భృతి ఇచ్చి, డాక్టరేట్ చదివించి, రేపటి టీచర్లను తయారుచేసే పనిలో పెడతారు. ఒక్క సీటు మిగిలింది. పథకానికి ఇదే ఆఖరి ఏడాది. ఇంటి ఖర్చుల మధ్య సొంత డబ్బుతో అంత చదువు నా వల్ల కాదు. ఈసారి పోతే పోయినట్టే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, కళ్ళలో వత్తులు వేసుకుని ఆ సీటు కోసం ఎదురుచూశాను.

నా పాఠం చూసి తేల్చడానికి ఇద్దరు వచ్చారు. ఒకరు పొడుగాటి పెద్ద ప్రొఫెసర్, ఇంకొకరు కళ్ళజోడు మేడం. పిల్లాడి ఇంటివాళ్ళు కూడా గదిలో ఉండాలన్నది వాళ్ళ షరతు. ఇంటివాళ్ళతో నేనెలా మెలుగుతానో చూస్తారట.

పిల్లాడికి ఏడేళ్ళు. నేను వాణ్ణి దొరగారూ అని పిలుస్తాను. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడిగిన పాపాన పోలేదు మరి. మాట లేదు, సైగ లేదు. ఊరికే నిలబడతాడు, కావలసింది దగ్గరికి వచ్చేస్తుంది. తెచ్చిపెట్టేది వాళ్ళ అమ్మమ్మ. "కాలివేళ్ళు ముడిచాడంటే ఆకలి, చెవి రుద్దుకున్నాడంటే నిద్ర" అని ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కానీ అమ్మమ్మ లేనిచోట ఆ కాలివేళ్ళను పట్టించుకునేదెవరు?

అందుకే వాడితో ఒకే పాఠం పట్టుకున్నాను. వాడికి ప్రాణమైన నల్లద్రాక్షను గట్టి మూత ఉన్న డబ్బాలో వేసి ఎదురుగా పెడతాను. పక్కనే ద్రాక్ష బొమ్మ ఉన్న అట్టముక్క ఉంటుంది. వాడు ఆ అట్ట తీసి ఎవరి చేతిలోనైనా పెడితే అడిగినట్టు లెక్క. చెయ్యి పట్టి నేర్పించడం అయిపోయింది. ఇక తనంతట తాను చేయాలి. నేను మాట్లాడకూడదు, అట్ట వైపు చూడకూడదు, ఎవరూ వాడికి దారి చూపకూడదు.

"పెద్దమ్మా, ఏం జరిగినా లేవకు" అని అమ్మమ్మకు ముందే చెప్పాను.

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, అమ్మమ్మ పెడుతుందే తల్లీ," అంది ఆవిడ గోడవార కుర్చీలో సర్దుకుంటూ.

పాఠం మొదలైంది. దొరగారు డబ్బా చూశాడు. మూత లాగాడు, గోళ్ళతో గీకాడు, పళ్ళతో కూడా పట్టి చూశాడు. రాలేదు. బల్ల దగ్గర నిలబడిపోయాడు. నేను ఒక చెయ్యి చాపి కూర్చున్నాను. కాసేపటికి వాడి కాలివేళ్ళు ముడుచుకున్నాయి. మణికట్టుతో నుదురు తట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదట మెల్లగానే. తర్వాత అంత మెల్లగా కాదు.

మామూలు రోజైతే ఇక్కడే మూత తీసేస్తాను. రెండు పళ్ళు పెట్టి, వాడు నెమ్మదించాక మళ్ళీ మొదలుపెడతాను. ఆ రోజు తీయలేదు. ప్రొఫెసర్ మొహం ఒకసారి చూసి, రెండో చెయ్యి డబ్బా మీద ఇంకాస్త గట్టిగా ఆనించాను.

"అమ్మాయ్, ఇచ్చెయ్యవే," అంది అమ్మమ్మ మా భాషలో.

"ఏమంటున్నారు?" అని మేడం అడిగింది. వాళ్ళిద్దరికీ మా భాష రాదు.

"ఇచ్చేయమంటున్నారండీ."

తట్టుకోవడం కాస్తా కొట్టుకోవడమైంది. నుదురు ఎర్రబడింది. అమ్మమ్మ కుర్చీలోంచి లేవలేదు. కానీ నా కళ్ళలోకి చూస్తూ, గొంతు పెంచకుండా, ఒక్కొక్క మాటా నొక్కి అంది. "నీ సీటు కోసం నా మనవణ్ణి తల బాదుకోనిస్తున్నావు. పరాయివాళ్ళు చేస్తే సరేలే అనుకుందును. మన పిల్లవి కదాని వీణ్ణి నీ చేతుల్లో పెట్టాను."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది నాకు.

"ఇప్పుడేమన్నారు?" అంది మేడం.

"మనవణ్ణి చూసి కంగారు పడుతున్నారండీ," అన్నాను. అబద్ధం అంత నున్నగా నా నోట్లోంచి వస్తుందని నేననుకోలేదు.

అంతలో దొరగారి చెయ్యి ఆగింది. వాడు అట్టముక్క తీశాడు. చాచి ఉన్న నా చేతిని దాటుకుని, ప్రొఫెసర్ల మోకాళ్ళు రాసుకుంటూ నడిచివెళ్ళి, అమ్మమ్మ ఒళ్ళో ఆవిడ చెయ్యి వెతికి అందులో పెట్టాడు. పెట్టి, ఆవిడ వేళ్ళు తనే మూశాడు.

ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అడిగాడే," అంది. "నన్నడిగాడు." ఆ అట్ట తెచ్చి నా చేతికిచ్చింది. నేను మూత తీశాను. సంతోషంతో ఏడుపొచ్చింది. నా చెయ్యి దాటిపోయాడని కాస్త కుళ్ళు కూడా వచ్చింది, దాచడమెందుకు.

పెద్ద ప్రొఫెసర్ ఇంకా ఏమీ రాయలేదు. "ఒక సందేహం," అన్నాడు. "అంతకుముందు ఆవిడ చాలాసేపు మాట్లాడారు. మీరు చెప్పింది ఒక్క ముక్క. అట్ట తీసి ఇవ్వమని పిల్లాడికి ఆవిడే చెప్పి ఉండొచ్చు కదా? అలాగైతే వాడు సొంతంగా అడిగినట్టు నేను రాయలేను. ఆవిడ అన్నది అన్నట్టు చెప్పండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అబద్ధాన్నే పట్టుకు వేళ్ళాడితే వాడు మొట్టమొదటిసారి అడిగింది వాడిది కాకుండా పోతుంది. నిజం చెబితే నా సీటు పోతుంది. డబ్బాలో పళ్ళు ఒకటొకటే అయిపోతున్నాయి. వాడికి ఇవేవీ పట్టవు.

చెప్పాను. ఆవిడన్న మాటల్లో ఒక్కటీ వదలకుండా చెప్పాను. "పిల్లాడితో ఆవిడ ఏమీ అనలేదండీ. అన్నదంతా నన్నే. నేనే మార్చి చెప్పాను."

"ఆవిడ అన్నది నిజమేనా?"

"నిజమే. మామూలుగా అయితే ఎప్పుడో మూత తీసేదాన్ని. ఇవాళ మీరు చూస్తున్నారని తీయలేదు." అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "తీయలేదు కాబట్టే వాడు అడిగాడు కూడా. దానికేమంటారో మీరే చెప్పండి."

ఆయన తలవంచుకుని రాసుకున్నాడు. "పిల్లవాడు సొంతంగా అడిగాడనే రాశాను," అన్నాడు చివరికి. "మీ సంగతి వేరు. ఈ కుటుంబాల మాట మాకు చేరాలనే ఈ సీటు మీలాంటివాళ్ళకు ఇస్తున్నాం. ఆ మాటనే మీరు మార్చేశారు. నేను సిఫారసు చేయలేను." ఇద్దరూ వెళ్ళిపోయారు.

అమ్మమ్మ రుమాలుతో మనవడి మూతి తుడుస్తోంది. "ఏమన్నాడు ఆ పొడుగాయన?"

నా అబద్ధం దగ్గర్నుంచి సీటు పోయేదాకా అంతా చెప్పాను. అయ్యో నా వల్లే పోయిందా అంటుందనీ, నీ వల్ల కాదులే పెద్దమ్మా అనాలనీ అనుకున్నాను.

ఆవిడ ఆ మాటే ఎత్తలేదు.

"నేను నిన్ను తిట్టాను," అంది. "తిట్టానని చెప్పాలి. కంగారు పడ్డానని ఎవరు చెప్పమన్నారు నిన్ను? ఆస్పత్రిలో అంతే, ఆఫీసులో అంతే. నేనొకటంటే మధ్యవాళ్ళు ఇంకొకటి చెప్తారు. ముసలావిడ భయపడుతోంది, ముసలావిడకు తెలీదు, అని. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయింది, నా కోపం ఒక్కసారి కూడా ఎవరికీ చేరలేదు. నువ్వున్నావు కదా, ఇక చేరుతుందిలే అనుకున్నాను."

నేను ఖాళీ డబ్బాకు మూత బిగించాను. ఆవిడ వాడికి చెప్పులు తొడిగి చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా," అని పిలిచాను.

"రేపు తీసుకొస్తాను," అంది వెనక్కి తిరగకుండానే. "వాడి కోసం."