పదమూడో మనిషి

తడిగుడ్డ చుట్టిన వెడల్పాటి చీపురును వెర్లిన్ ట్వెట్ నాలుగోసారి బడి ఆటల హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తోసుకుపోయాడు. గుడ్డ తిప్పి చూశాడు. దుమ్ము లేదు. అయినా ఐదోసారి తోశాడు. మధ్యాహ్నం చెక్క నేలకు వార్నిష్ వెయ్యాలి. కింద ఒక్క వెంట్రుక మిగిలినా ఏడాది పొడుగునా కనిపిస్తుంది. ఎవరికీ కాదు, అతనికే.

అరవై తొమ్మిదేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా మా ఊరి బడి నేలలన్నీ అతని చేతి మీదుగానే మెరుస్తున్నాయి. పొడుగు మనిషి, చీపురుకు అలవాటు పడి ముందుకు వంగిపోయాడు. వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలు ఏ సబ్బుకూ పోవు. నోట్లో నాలుక లేనివాడు. పెళ్లి కాలేదు. అడగాల్సిన అమ్మాయిని అడగడానికి మంచి సమయం కోసం చూస్తూ కూర్చుంటే, ఆమె పళ్ల డాక్టర్ని చేసుకుంది.

ఉత్తరపు మూలకు వచ్చేసరికి చీపురు నెమ్మదించింది. ఫిబ్రవరిలో అతని అన్న ఆర్డెన్ నిలబడిన మూల ఇదే.

అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పనిలో మా అయోవా రాష్ట్రం వాళ్లం కాగితం మీద గుర్తు పెట్టం. అభ్యర్థికో మూల చొప్పున పంచుకుని, ఇరుగుపొరుగు చూస్తుండగా వెళ్లి నిలబడతాం. ఆ సాయంత్రం ఎనభై మంది వచ్చారు. మూలకు పన్నెండు మంది ఉంటేనే లెక్క. తగ్గితే ఆ మూల రద్దు. సెనేటర్ మేయో మూలకు ఆర్డెన్ పెద్ద. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి, తమ్ముడితో కలిపి మనుషుల్ని పోగేశాడు. ఎదుటి మూలలో గవర్నర్ ట్రాస్క్‌కు పదకొండు మందే. వాళ్లు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. వెర్లిన్ తమ మూలలో తలలు లెక్కపెట్టాడు. పదమూడు. ఒకటి ఎక్కువే ఉందిగా, పోనీ వాళ్లూ బతుకుతారు అనుకుని నేల దాటి అటు వెళ్లాడు.

ఆ పదమూడో తల, ఏదో పత్రిక తరఫున చూడ్డానికి వచ్చి గోడకానుకుని రాసుకుంటున్న ఆవిడది.

పదకొండు మందే మిగలడంతో మేయో మూల రద్దయింది. మిగతావాళ్లు తలో మూలకూ చెదిరిపోయారు. ఆర్డెన్ ఏ మూలకూ పోలేదు. కోటు తొడుక్కుని, తమ్ముడి వైపు ఒక్కసారి చూసి బయటికి నడిచాడు. అప్పటినుంచి మాట లేదు. లెక్క తప్పానని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం కోసం వెర్లిన్ ఆర్నెల్లుగా వెతుకుతున్నాడు.

మధ్యాహ్నం డార్లీన్ హోటల్లో టీవీ మోగుతోంది. పార్టీ అభ్యర్థిత్వం గవర్నర్ ట్రాస్క్ గెలిచింది. ఇప్పుడు ఉపాధ్యక్షుడిగా తన పక్కన మేయోనే నిలబెడుతుందని ఊహాగానం. ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరైన గాలెన్, వెర్లిన్‌ని చూడగానే కుర్చీ తిప్పాడు.

“రావయ్యా! టీవీ వాళ్లకి ఇప్పుడు తెలిసింది. నువ్వు ఫిబ్రవరిలోనే ఇద్దర్నీ కలిపేశావు.”

“ఆయన్ని తిననీ, గాలెన్,” అంది డార్లీన్, రొట్టె మీద మాంసం, పులుసు వేస్తూ. “అయినా ఆవిణ్ణి అన్ని మాటలన్నాక ఆ మేయో ఏ మొహం పెట్టుకుని పక్కన నిలబడతాడు?”

“కుర్చీ చూపిస్తే మొహం దానంతటదే వస్తుంది.”

అందరూ నవ్వారు, వెర్లిన్ కూడా. లోపల మాత్రం గట్టిగా కోరుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకే టిక్కెట్టు మీదకు వస్తే ఏ మూల ఓడినట్టు? అన్న ఇంటికి వెళ్లి, చూశావా, ఇద్దరం ఒకటే మూలలో ఉన్నాం అని మొదలుపెట్టొచ్చు. మిగతాది దానికదే వస్తుంది. ప్రకటన శుక్రవారమట. ఇవాళ మంగళవారం.

రెండింటికి నడవా తలుపు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ వార్నిష్ పరుచుకుంటూ పోయాడు. గాలి తగలకూడదని కిటికీలు మూసేశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముప్పావు వంతు అయ్యాక నడవా తలుపు తెరుచుకుంది.

ఆర్డెన్. రైతు మనిషి కదా, బూట్లు బయటే విప్పి ఉన్ని మేజోళ్లతో వచ్చాడు. లోపలికి అడుగు వేశాడు.

“ఆగు! తడి!”

ఆర్డెన్ కాలు వెనక్కి లాక్కున్నాడు. ఇద్దరి మధ్య అంత పొడుగు నేలా మెరుస్తోంది. ఆర్డెన్ చిక్కిపోయాడు. ఒక చెయ్యి తలుపు మీదే ఆనించి ఉంచాడు.

“ఏమోయ్, ఆ ఇద్దరూ కలుస్తారటగా?”

“అంటున్నారు.”

“నీతో ఓ మాట చెప్పాలి.”

“నాక్కూడా ఉంది. ఓ పావుగంట కూర్చో. ఇప్పుడు ఆపానంటే ఆరిపోయి గీత పడిపోద్ది.”

“కానీ కానీ. నీ గీతల సంగతి నాకు తెలీదా?”

తలుపు మూసుకుంది. నడవాలో బెంచీ కిర్రుమన్నది. వెర్లిన్‌కు పట్టరాని సంతోషం కలిగింది. చివరి పట్టీలు ఎప్పుడూ లేనంత తొందరగా లాగేశాడు. అయినా గీత పడలేదు. వెనక తలుపులోంచి బయటపడి, ఎండలో బడి చుట్టూ తిరిగి వచ్చాడు. దారిపొడుగునా పైకే చెప్పుకున్నాడు, “పదమూడు అనుకున్నాను, ఆర్డెన్. పదమూడు.”

ఆర్డెన్ గోడకు తల ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాడు వెర్లిన్. పక్కన కూర్చున్నాడు. లేపడం ఎందుకని కాసేపు ఊరుకున్నాడు కూడా. తర్వాత చెయ్యి పట్టుకున్నాడు. అది పట్టు లేకుండా జారిపోయింది.

ఆసుపత్రిలో వదిన మేవిస్ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. “పొద్దున్నే లేచి ఒకటే గొడవ. ‘ఆ పెద్దమనుషులు కలిసేదాకా ఆగితే మేం ఇద్దరం పోతాం, నేనే వెళ్లొస్తా’ అన్నాడు. ఇంతకీ మాట్లాడుకున్నారా, వెర్లిన్?”

వెర్లిన్ ఆమె మొహం వంక చూశాడు. “మాట్లాడుకున్నాం,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆడిన అబద్ధాల్లో అదే పెద్దది.

శుక్రవారం ఉదయం ఆర్డెన్‌ను పూడ్చారు. మధ్యాహ్నం గవర్నర్ ప్రకటించింది. మేయో కాదు, మా వైపు ఎవరూ పేరైనా వినని మనిషి. సోమవారం వెర్లిన్ రెండో పూతకు వచ్చాడు. ముందు నేలంతా గరుకు కాగితంతో రుద్దాలి. బాస్కెట్‌బాల్ కోచ్ నడవాలోంచి తొంగి చూశాడు.

“ఇదేంటి వెర్లిన్, గుమ్మం దగ్గర ఏదో అచ్చు పడింది. గీకెయ్యవా?”

“ఉండనీ.”

ఆ చోటు వదిలి మిగతాదంతా రుద్దాడు. మోకాళ్ల మీద కూర్చుని, చిన్న కుంచెతో దాని మీద నెమ్మదిగా వార్నిష్ పరిచాడు. మడమ సరిగా ఆనలేదు. మునివేళ్లు మాత్రం లోతుగా పడ్డాయి, ఉన్ని అల్లికతో సహా, లోపలి వైపుకు తిరిగి.