మరిదిగారి సున్నా

పాప గుండె మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోందని నా అరచేతికి తెలుసు. "నీకు భయమెక్కువ" అంటారు మావారు. "పిల్లని అస్తమానం తడమకు" అంటుంది అత్తయ్య. డాక్టరమ్మ మాత్రం, పాప నిద్రలో ఉండగా గుండె గీత, అదే ఈసీజీ, తీయించి తీసుకురండి, కాగితం మీద కనబడితే మందు మొదలుపెడతానంది.

ఆ గీత తీసే యంత్రాలు చేసేది మా మరిదే. ఇంకేం, కొండంత అండ! ఓ యంత్రాన్ని ఇంటికి మోసుకొచ్చి, దాని రెండు తీగల కొసలూ కలిపి ముడేసి, బుల్లి స్క్రూ తిప్పి, గీతను సరిగ్గా సున్నా మీద నిలబెట్టాడు. సున్నా కుదిరితే అయ్యవారికి లోకం కుదిరినట్టే.

ముడి విప్పి, పాప రొమ్ముకి బిళ్లలు అంటించి తీగలు తగిలించాడు. ఒక బిళ్ల కొత్త ప్యాకెట్లోది. రెండోది సొరుగులో పడి ఎండిపోయిన పాతది, పారేయడానికి మనసొప్పలేదట. గీత నిచ్చెనెక్కినట్టు పైకి పోయి, కాగితం అంచుకి ఆనుకుని చదునుగా సాగింది.

"వదినా, గుండె కొట్టుకోవడం లేదే!"

ఆ గుండె లేని పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది.

"చెవులు కూడా సున్నా చేసుకున్నావా?" అన్నాను.

మళ్లీ స్క్రూ తిప్పాడు. గీత దిగింది, ఎక్కింది. పిల్ల కదిలిందన్నాడు. నేను నూనె రాశానన్నాడు. అందరిదీ తప్పే, ఆయనగారిది తప్ప.

మర్నాడు తన పై ఇంజనీరు మేడమ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ బిళ్లలు చూసి నుదురు కొట్టుకుంది.

"చర్మానికి బిళ్ల తగిలితేనే కాస్త వోల్టేజి పుడుతుంది నాయనా. జోడు కుదరని బిళ్లలైతే మరీను. తీగలు ముడేస్తే అదెలా తెలుస్తుంది? దాన్నీ కలిపి ఒక్కసారే వెయ్యి రెట్లు పెంచితే యాంప్లిఫయర్ నెత్తి కప్పుకి కొట్టుకోదూ? మొదట కొంచెమే పెంచు. కదలకుండా కూర్చున్న భాగాన్ని కెపాసిటర్‌తో ఆపు. ఆ తర్వాత మిగిలేదే గుండె. పెంచాల్సింది దాన్ని."

మరిది కెపాసిటర్ తెచ్చి టంకం పెట్టాడు. ఈసారి రెండు బిళ్లలూ ఒకే ప్యాకెట్లోవి. పాప నిద్రపోయింది. గీత నడిచింది: దెబ్బ, దెబ్బ, దెబ్బ, తర్వాత ఖాళీ.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరిది స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ఆ ఖాళీ ఒక్కటే మిగిలింది వదినా, చిటికెలో సరిచేస్తా."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. అది నీ యంత్రానిది కాదు, నా పిల్లది."

కాగితం చింపుకుని, పాపని భుజాన వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను.