మూడువేల ఒకటో పోగు

జమ్మలమడుగు మిషను బడిలో లెక్కలు చెప్పే నాకు దయ్యాల మాటెత్తితే ఒళ్ళు మంట. అందుకే పక్కింటి నేతగాడు వెంకటరాముడు వచ్చి, "ఏసేపయ్యవారూ, మా ఉరుకుందమ్మ పడుగులో కూచోనుండాది" అనగానే కసిరాను.

అతని భార్య ఉరుకుందమ్మ కలరాతో పోయి ఏడాది కావస్తోంది. ఆఖరున ఆమె తన చీర కోసమని పోసుకున్న పడుగు, అంటే నిలువు పోగులు, అలాగే మిగిలింది. దాన్నే నేసి సంవత్సరీకం నాడు ఆమె పేరున పెట్టాలని అతని పట్టుదల. ఆమె అడిగింది ఒకే వెడల్పు చారల చీర. పోగులన్నీ సమానమైన కట్టలు కట్టి, కట్ట విడిచి కట్టకు రంగు వేస్తేనే అది కుదురుతుంది.

"ఎప్పుడూ మూడువేల పోగులు పోస్తాది సామీ. ఈసారి ఒకటి ఎక్కువుండాది. పన్నెండేసి కట్టినా, ఏడేసి కట్టినా పోగులు మిగుల్తానే ఉండాయి. నేను కట్టేటప్పుడు పక్కన ఆమె గాజులు వినపడతాండాయి."

పలక తీసుకుని వెళ్ళి, అతని ఇంటి అరుగు మీద కూర్చుని మూడువేల ఒకటిని ఏడుతో, పదకొండుతో, పదమూడుతో భాగిస్తూ యాభై మూడు దాకా వెళ్ళాను. యాభై అయిదును యాభై అయిదుతో గుణిస్తేనే ఆ సంఖ్య దాటిపోతుంది కాబట్టి ఆపైన వెతకనక్కర్లేదు. ఏదీ శేషం లేకుండా పోలేదు.

"ఇది ప్రధాన సంఖ్యప్పా. ఒకటీ, అదీ తప్ప దీన్ని ఏదీ భాగించలేదు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఒక పోగు పీకెయ్, పన్నెండేసి సరిగ్గా కుదురుతాయి."

"ఏది పీకేది సామీ? అన్నీ ఆమె చేత్తో పోసినవే గదా."

గడపలో కూర్చుని కండెలు చుడుతున్న అతని తల్లి హనుమమ్మ రాట్నం ఆపేసింది.

"పీకొద్దు నాయనా. అది పొరపాటున పడింది కాదు. మా ఆడోళ్ళం నీళ్ళోసుకుంటే, పడుగులో ఒక పోగు ఎక్కువేస్తాం, కడుపులో ఉండేదానికని. మూడు నెలలు నిండినాక మొగుడికి చెప్తాం. ఉరుకుందమ్మకు అంత గడువు యాడిచ్చినాడు దేవుడు? నీకు చెప్తే ఇద్దరికీ ఏడుస్తావని నేనూ నోరు మూసుకున్నా."

వెంకటరాముడు ఏడవలేదు. లేచి ఇంట్లోకి వెళ్ళాడు. ఏడ్చినా బాగుండేదని నాకు అనిపించింది.

మర్నాడు చారల ఊసు మానేశాడు. మూడువేల ఒక్క పోగునూ ఒకే కట్ట కట్టి ఎర్రరంగులో ముంచాడు. సంవత్సరీకం నాడు ఆమె పేరున వేసిన పీట మీద పెట్టిన ఎర్రచీరలో ఒక్క పోగు కూడా తగ్గలేదు.

"ఇంక గాజులు వినపడటం లేదు కదా?" అని ధైర్యం చెప్పబోయాను.

"లేదు సామీ," అన్నాడు మగ్గం వైపు చూస్తూ. "ఇప్పుడు ఉయ్యాల ఊగుతాండాది."

కసరబోయి, నేనూ మగ్గం వైపు చెవి పెట్టాను.