ఒక్క గ్లాసు మిక్సీ

నానబెట్టిన చిక్కుడు గింజలు గుప్పెడు రుమాల్లో కట్టుకుని అత్తారీన్ బజారుకు వెళ్లాను. కరెంటు సామాన్ల కొట్టువాడు మిక్సీని పెట్టెలోంచి తీసి, గ్లాసులో నీళ్లు పోసి, బ్లేడు మూత బిగించి, బోర్లించి తిప్పాడు. నీళ్లు గిర్రున తిరిగాయి. అతను నా మొహం చూశాడు. నీళ్లను ఏ మిక్సీ అయినా తిప్పుతుంది. మా దగ్గర సరుకు కొట్టులోనే తిప్పి చూపిస్తారు, గడప దాటాక వెనక్కి తీసుకోరు. అందుకని రుమాలు విప్పాను.

"అవేంటి బాబాయ్?"

"ఇవి వేసి తిప్పు."

"ఇది ఒక్క మనిషి జ్యూస్ చేసుకునే మిషను. తామియా వడల పిండి రుబ్బేది కాదు."

"తిప్పు."

మొదటిది కాసేపటికే కాలిన వాసన వేసింది. కొత్తలో అలాగే ఉంటుందన్నాడు. ఇంకోటి తీయమన్నాను. దాని అడుగున తడి చేరింది. మూడోది నలిపింది. పిండిని వేళ్ల మధ్య రాసి చూశాను. కొంచెం గరుకుంది కానీ పలుకు లేదు. కొట్టువాడు పెట్టె కడుతూ, ఈయనతో కాపురం చేసినావిడకి స్వర్గం ఖాయమని పక్క కొట్టతనితో అన్నాడు.

ఆవిడ కోసమే ఆ మిక్సీ. మా ఇన్షిరాహ్‌కి రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత తిరిగింది, మాట తిరిగింది, గొంతు మాత్రం తిరగలేదు. పలుకున్నది మింగితే పొలమారుతుంది, నీళ్లలా ఉన్నదైనా పొలమారుతుంది. మెత్తగా, చిక్కగా పెట్టమన్నాడు డాక్టరు. మూడు వారాల్లో బరువు పెరగకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తానన్నాడు. వేస్తే పీకేసుకుని పోతానని ఆవిడ అంది. ఆవిడ అన్నది చేస్తుంది.

నేను అన్‌ఫూషీ తీరంలో పడవ చెక్కల సందుల్లో నార కుక్కి తారు పోసేవాణ్ణి. తారు కర్రమీంచి ఎలా జారుతుందో చూడాలి. నీళ్లలా జారితే సందు కారుతుంది, ముద్దగా తెగితే ఎండకు పగులుతుంది. మిక్సీలో రుబ్బినదాన్నీ అలాగే చెంచా వంచి చూసేవాణ్ణి. పప్పు, గుమ్మడి, బంగాళాదుంప, కోడి. తక్కువ తిప్పితే పలుకు, నీళ్లెక్కువైతే పలచన. వారానికి మిషను గుణం తెలిసింది.

ఇన్షిరాహ్ దారికి రాలేదు. కసాయి తన కళ్లముందు కొట్టని కీమా ఆవిడ ఎప్పుడూ ఇంటికి తేలేదు. రుబ్బినదాంట్లో ఏదైనా దాగుతుందని ఆవిడ నమ్మకం. దానికి తోడు మొదటి రోజే నేను రక్తపోటు మాత్ర నూరి, చెప్పకుండా పప్పులో కలిపాను. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని నావైపు చూసింది. చెంచా కింద పెట్టేసింది. అప్పట్నుంచి ప్రతి గిన్నెలోంచీ ముందు నేను తినాలి. నేను తిన్నా నమ్మేది కాదు.

"నువ్వు తారు పోసినా తింటావు ఉస్తా," అనేది, రేవులో మేస్త్రీని పిలిచినట్టు. రెండు చెంచాలు తిని గోడవైపు తిరిగేది.

పదో రోజు తనంతట తానే జిగురు ఆకుకూర ములూఖియా అడిగింది. ఆ ఆకు మిక్సీలో వేస్తే పాడవుతుందని పై అంతస్తు ఉమ్మ్ వగీహ్ మెట్ల మీంచే చెప్పింది. రెండు పిడుల వంకర కత్తిని బల్ల మీద ఊపుతూ తరగాలట. తరిగిన ఆకు ఇన్షిరాహ్ గొంతులో అడ్డం పడుతుంది. అందుకని మిక్సీలోనే వేశాను. మొదటిసారి ఎక్కువ తిప్పాను. చెంచా ఎత్తితే తాడులా సాగింది. ఉమ్మ్ వగీహ్ వచ్చి చూసి, దీంతో పడవ కట్టేసుకో అంది. రెండోసారి ఆకును ఆగి ఆగి తిప్పాను. కోడిని విడిగా మెత్తగా రుబ్బి పొయ్యి మీద కలిపాను. వెల్లుల్లి, ధనియాలు మెత్తగా నూరి నేతిలో వేయించి తాలింపు పోశాను. చెంచా వంచాను. మంచి తారులా జారింది.

గిన్నె తీసుకెళ్లి ముందు నేను తిన్నాను. ఆవిడ ముట్టలేదు.

"ఇది ములూఖియా కాదు."

మంచానికి గోడ అవతలే వంటిల్లు. మిక్సీ చప్పుడు వింది, తాలింపు చుయ్‌మనడం వింది. ఊపిరి వినపడలేదంది.

మా ఆడవాళ్లు ములూఖియాలో తాలింపు పోసేటప్పుడు ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి గట్టిగా ఊపిరి లోపలికి లాగుతారు. అది లేకపోతే కూర కుదరదంటారు. నలభై ఏళ్లు గోడకివతల ఆ చప్పుడు వినగానే లేచి చేతులు కడుక్కున్నాను.

"అది ఆడవాళ్ల పని," అన్నాను.

"వండినవాళ్ల పని. మళ్లీ ఏదో కలిపావు. అందుకే గొంతు పెగల్లేదు."

కలపలేదన్నాను. ఆవిడ నా చేతులవైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఆ రోజు విన్నావు కదా?"

ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని రెండు నెలలుగా చూస్తున్నాను. ఆవిడ పడిపోయిన రోజూ ఇంట్లో ములూఖియానే. ముందు గదిలో కుర్చీ కాలు బిగిస్తుంటే ఊపిరి వినపడింది. కూర అయిందనుకుని చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాను. పిలుస్తుందని చూస్తూ కూర్చున్నాను. వెల్లుల్లి మాడిన వాసన వచ్చాక లేచాను. ఎంతసేపు నేల మీద ఉందని డాక్టరు అడిగితే తెలియదన్నాను.

"విన్నాను," అన్నాను. "ములూఖియాకి అనుకున్నాను. కూర్చుండిపోయాను."

ఆవిడ దుప్పటి అంచు వేళ్లతో మడుస్తూ, విప్పుతూ ఉంది.

"దానికే తీశాను," అంది. "పడింది ఆ తర్వాత."

నేను నమ్మలేదు. ఆ రోజు తాలింపు గిన్నె పొయ్యి మీదే నల్లగా మాడి ఉంది. కూరలో పోయకముందే పడింది. పొయ్యి మీంచి గిన్నె దించకుండా ఏ ఆడదీ ఆ ఊపిరి తీయదు. అది నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ గిన్నె నావైపు తోసింది.

"వెళ్లి మళ్లీ తాలింపు వేయి."

మిగిలిన వెల్లుల్లి మెత్తగా నూరి వేయించాను. సగం పోస్తూ ఊపిరి లాగాను. ముక్కు ఎగబీల్చినట్టు వచ్చింది.

"వినపడలేదు ఉస్తా," అంది గోడ అవతల నుంచి.

మిగతా సగం పోశాను. ఆవిడ పడి ఉన్నది ఈ పొయ్యి దగ్గరే. ఆ రోజు గుమ్మంలో నిలబడి నేను లాగిన ఊపిరే మళ్లీ వచ్చింది. పైన కిటికీ తెరుచుకుంది. ఏమైంది, ఎవరికేమైందని ఉమ్మ్ వగీహ్ అడిగింది.

"ఏం కాలేదు," అని ఇన్షిరాహే జవాబిచ్చింది. "మా ఆయన ములూఖియా వండాడు."

గిన్నె తీసుకెళ్లి అలవాటుగా చెంచా నా నోటికెత్తాను. ఆవిడ చెయ్యి చాచి లాక్కుంది. మెల్లగా, ఒక్కో చెంచా మింగుతూ గిన్నె ఖాళీ చేసింది. ఉప్పు తక్కువంది.

మూడో వారం డాక్టరు తూచి చూసి గొట్టం మాట ఎత్తలేదు.

మాత్ర ఇప్పుడు ఆవిడ అరచేతిలోనే పెడుతున్నాను. తనే గ్లాసులో తిండి మీద వేసి, బ్లేడు మూత బిగించి నాకిస్తుంది. నేను మీట నొక్కి, మళ్లీ మూత విప్పేదాకా నా చేతుల మీంచి కళ్లు తీయదు.