పాడె ముందరి పాట

క్లారినెట్ పీకను నాలుకతో తడిపి, తిరుపాల్ రెండోసారి ఊది చూశాడు. హిందూపురం కల్యాణమండపం ముందు పెండ్లికొడుకు కారెక్కాడు. వాడి స్నేహితులు దారికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళకు ఆ మాటల్లేని పాటే కావాలి.

రెండేళ్ళ కిందట, తొంభై తొమ్మిదిలో, హరి, ఫణి అనే బెంగళూరు పాప్ జంట పెనుకొండకొచ్చి తిరుపాల్ ముందు మైకు పెట్టారు. ఇంతవరకు ఎవరూ రికార్డు చేయనిది వాయించమన్నారు. అలాంటిది అతని దగ్గర ఒక్కటే ఉంది. పాడె లేచినప్పటినుంచి వీధి మలుపు తిరిగేదాకా మాత్రమే వాయించేది. అదేమిటో వాళ్ళు అడగలేదు. చెబితే మైకు సర్దుకుని వెళ్ళిపోతారని అతనూ చెప్పలేదు. వాళ్ళు దానికి డ్రమ్ములు తగిలించి, వేగం పెంచి, క్యాసెట్ వేశారు. ఇప్పుడది లేని పెండ్లి ఊరేగింపు లేదు.

ఇన్నాళ్ళూ ఆ పాట వచ్చినప్పుడు తిరుపాల్ పక్కకు జరిగేవాడు, రెండో క్లారినెట్ అందుకునేది. ఈరోజు రెండోవాడు రాలేదు.

“వాయించప్పా. వాళ్ళు ఎగరతాండారు, నీకేం నొప్పి?” అన్నాడు బ్యాండు యజమాని సంజీవప్ప.

తిరుపాల్ కళ్ళు మూసుకుని వాయించాడు.

ధర్మవరంలో అతని బావ ఎర్రప్ప మంచం పట్టి నెలయింది. ఇరవై ఏళ్ళు తిరుపాల్ పక్కనే డోలు వాయించిన మనిషి. పోయిన ఆదివారం చేయి పట్టుకుని అడిగాడు. “ఆ పాటతోనే నన్ను సాగనంపు తిరుపాలూ. టేపులోది గాదు. మనది.” తిరుపాల్ మాటిచ్చాడు.

ఊరేగింపు ముగిసేసరికి ఎస్టీడీ బూతు నుంచి కబురొచ్చింది. ఎర్రప్ప పొద్దున పదింటికి పోయాడు. తిరుపాల్ ఉన్నపళంగా రైలెక్కాడు.

నాలుగింటికి పాడె లేచింది. తిరుపాల్ ముందు నిలబడి, ఊపిరి ఆపి ఆపి, వీలైనంత నిదానంగా అందుకున్నాడు. నాలుగడుగులు పడ్డాయో లేదో, ఎదురింటి మగ్గాల గదిలోంచి ఎవరో ఈల వేశారు. అరుగు మీది పిల్లలు చేతులెత్తి గంతులు మొదలుపెట్టారు. పాడె మోస్తున్న నలుగురిలో ఒకడు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. తిరుపాల్ ఇంకా నిదానించాడు. ఈలకు చప్పట్లు తోడయ్యాయి.

ఎర్రప్ప కూతురు చౌడేశ్వరి జుట్టు ముడి ఊడిపోతుండగా పరుగున వచ్చి అతని మోచేయి పట్టుకుంది.

“మామా, ఆ పెండ్లి పాట నిలిపేయ్. నాయన పోతాంటే జనం నగుతాండారు.”

“అది పెండ్లి పాట గాదమ్మా. మీ నాయనే...”

ఆమె వినే స్థితిలో లేదు. వివరించేదాకా పాడె ఆగదు. తిరుపాల్ క్లారినెట్ దించాడు. వట్టి అడుగుల చప్పుడుతో పాడె మలుపు తిరిగింది.

ఇంటి ముందు తీగ మీద, పొద్దున ఎర్రప్ప ఇంకా ఊపిరితో ఉండగా ఉతికి ఆరేసిన అతని ఎర్రటి బ్యాండు కోటు వేలాడుతోంది. జేబు అడుగున ఇంకా తడి ఆరలేదు.