గోడ మీద ఆకుపచ్చ చుక్క

ఆమె గదిలోకి రాగానే రంగయ్య కంప్యూటర్ తెరను తన వైపుకి కొంచెం తిప్పుకున్నాడు. మొదటిసారి ఆమె పట్టించుకోలేదు. వచ్చిన ప్రతిసారీ అదే జరుగుతుంటే మనసులో ఏదో కలుక్కుమంది.

రంగయ్య అతని అసలు పేరు కాదు. సినిమా కోర్సు చివర్లో విద్యార్థులు జట్లుగా తీయాల్సిన చిన్న సినిమాకి రంగులు సరిదిద్దే పని అతనిది. అందుకని క్లాసంతా అలాగే పిలిచేది. శబ్దం పని ఆమెది. రెండు గదుల అవతల ఫ్యాను కిర్రుమన్నా పసిగడుతుందని ఆమెకి చెవులమ్మ అని పేరు పెట్టారు. దర్శకుడు కెప్టెన్. తల్లి పోయాక ఒకే ఇంట్లో మాటామంతీ లేకుండా బతికే అక్కాచెల్లెళ్ళ కథ రాసుకుని, దాన్ని కాలేజీ స్టూడియోలోని ఎర్రగోడ గదిలో తీశాడు.

ఎడిటింగ్ గది ఇరుకు. గోడల నిండా స్పాంజి పలకలు, కిటికీకి నల్లగుడ్డ, ఎదురెదురుగా రెండు బల్లలు. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పెద్దక్క గిన్నె దించిన చప్పుడునీ, చెల్లెలు ఊపిరి బిగబట్టిన క్షణాన్నీ పదేపదే వింటూ కూర్చునేది. వెనకాల ఎక్కడిదో నీళ్ళ మోటారు మోత. మోతని తీసేస్తే ఊపిరీ పోతోంది, ఊపిరిని ఉంచితే మోత తయారవుతోంది. ఆ తంటాలో ఉండగానే ఒక మధ్యాహ్నం రంగయ్య ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. ఆమె హెడ్‌ఫోన్లు మెడ మీదకి లాక్కుంది.

"పంపాను, చూశావా? గోడ ఎలా ఉంది?" అని గొంతు తగ్గించి అడుగుతున్నాడు. "అవునా? అయితే ఇంకాస్త తగ్గిస్తా. దుప్పటి సంగతి చెప్పు... సరే సరే. ఎవరి దగ్గరా అనకు మరి."

ఆమె గబుక్కున హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది. లోపలికొచ్చిన రంగయ్య ఆమె వైపు ఓసారి చూసి, ఫోను బోర్లా పెట్టాడు.

ఆ వారంలోనే క్యాంటీన్‌లో రెండో జట్టు వాళ్ళు తమ సినిమా తాలూకు ముక్క ఒకటి అందరికీ చూపించారు. అందులోనూ ఎర్రగోడే. గోడ మీద పడే వెలుగు కూడా అచ్చం తమ సినిమాలోలాగే ఉంది. చెవులమ్మ చేతిలోని టీ గ్లాసు చల్లారిపోయింది.

కెప్టెన్‌ని మెట్ల దగ్గర ఆపి చెప్పింది. "మన ఫ్రేములు వాళ్ళకి చేరుతున్నాయి. చేరవేసేది ఎవరో కూడా నాకు తెలుసు."

"రంగయ్యా? ఊరుకో! వాడు చీమకి కూడా దారిస్తాడు."

"అలాంటివాళ్ళే చేసేది."

"నీకు అనుమానం ఉగ్గుపాలతో పోశారే!" అని నవ్వాడు గానీ, నవ్వు సగంలోనే ఆగింది. "రుజువు చూపించు. అప్పుడు అడుగుదాం."

ఉగ్గుపాలతో పోశారన్న మాటలో అబద్ధమేమీ లేదు. వాళ్ళమ్మ పంచదార డబ్బా మీద పెన్సిల్‌తో గీత పెట్టే మనిషి. గీత కిందకి దిగితే ఇంట్లో విచారణ మొదలయ్యేది. నాన్న పాపం ఆ విచారణకి భయపడి తీపి మానేశాడు. ఆ రాత్రి అన్నం తింటూ కూతురు సంగతంతా చెబితే అమ్మ ఒక్కటే అంది. "ఫోను బోర్లా పెట్టేవాణ్ణి నమ్మకే. ఏదైనా గుర్తు పెట్టి చూడు. శ్రద్ధగా పని చేసేవాడైతే వాడి కంట పడుతుంది కదా."

అదీ నిజమే అనిపించింది. మనసంతా రెండో జట్టు దగ్గర పెట్టుకున్నవాడు మన సినిమాని పైపైనే చూస్తాడు. మర్నాడు రంగయ్య భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె అతని కుర్చీలో కూర్చుంది. అక్కాచెల్లెళ్ళు తలుపు దగ్గర ఎదురుపడే సీను తెరిచి, ఎర్రగోడ మీద, పెద్దక్క భుజానికి కాస్త పైన, ముదురాకుపచ్చ చుక్క ఒకటి పెట్టింది. గుండీ అంత ఉంటుంది. గుడ్డివాడికైనా కనపడుతుందనుకుంది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఆమెకే తెలుసు.

సాయంత్రం రంగయ్య ఆ సీనుని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ నడిపించాడు. ఆమె తన బల్ల వెనక నుంచి అతని ముఖమే చూస్తూ కూర్చుంది. అతను కళ్ళు చిట్లించి, పక్కన రంగుల పాళ్ళు చూపించే గ్రాఫుని పరీక్షగా చూసి, తృప్తిగా తలాడించాడు.

"తలుపు సీను అయిపోయింది. ఇక ముట్టుకోనక్కర్లేదు."

"అన్నీ సరిగ్గా చూసుకున్నావా?"

"చూశాను. ఏం?"

"ఏం లేదు."

దొరికావులే అనుకుంది. అప్పుడే చెప్పి ఉండొచ్చు, చెరిపేసి ఉండొచ్చు. చెప్పలేదు. మాస్టారి ముందు సినిమా వేసేరోజు దాకా ఓపిక పట్టింది.

ఆరోజు చిన్న హాల్లో అందరూ చేరారు. తలుపు సీను వచ్చింది. పెద్ద తెర మీద చుక్క పళ్ళెమంత అయి కూర్చుంది.

"ఆపు, ఆపు!" అన్నారు మాస్టారు. "ఏమయ్యా రంగయ్యా, గోడ మీద ఆ ఆకుపచ్చ చుక్కేమిటి? గోడకి బొట్టు పెట్టావా?"

హాలంతా గొల్లున నవ్వింది. రంగయ్య లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశాడు. "ఎక్కడ సార్?"

"ఎక్కడేంటి, నీ ముందే ఉంది కదా!"

"ఆఁ... ఇదా సార్, ఇదేదో పొరపాటున..." అంటూ వేలు పెట్టాడు. ఆ వేలు చుక్కకి మూరెడు దూరంలో, వట్టి గోడ మీద ఆనింది.

వెనక వరసలో ఇంకా ఎవరో నవ్వుతూనే ఉన్నారు. తర్వాత వాళ్ళూ ఆపేశారు. అతనికి ఆ చుక్క కనపడడమే లేదని చెవులమ్మకి అప్పుడు అర్థమైంది.

కెప్టెన్‌కి ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఇంత పెద్ద చుక్క చూసుకోలేదంటే వాడి మనసు ఈ సినిమా మీద లేదనడానికి ఇదే రుజువనుకున్నాడు. "అయితే మన ఫ్రేములు ఎవరికి పంపుతున్నావు? వరండాలో ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అందరిముందూ నిలదీశాడు.

రంగయ్య జేబులోంచి ఫోను తీసి ఒక నంబరు నొక్కి, అందరికీ వినపడేలా ఎత్తి పట్టుకున్నాడు. అవతల కుట్టు మిషను టకటకలాడుతోంది. అది ఆగి, ఒక ఆడగొంతు చనువుగా పలికింది.

"ఏరా, ఇప్పుడు దేని రంగు చెప్పాలి? త్వరగా అడుగు, అవతల జాకెట్టు కోసం మనిషి కూర్చుంది."

"ఏం లేదక్కా," అని ఫోను పెట్టేశాడు. మాస్టారి వైపు తిరిగి, "ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకేలా ఉంటాయి సార్. ముఖాల రంగు గ్రాఫు చూసి చేసేస్తాను. గోడలూ గుడ్డలూ మా అక్క చెబుతుంది. తలుపు సీను ఆమెకి ముందే చూపించాను. అప్పుడు ఈ చుక్క లేదు" అన్నాడు.

"చుక్క పెట్టింది నేను సార్," అంది చెవులమ్మ లేచి నిలబడి. "ఫ్రేములు వాళ్ళకి అమ్మేస్తున్నాడనుకున్నాను."

రెండో జట్టు అబ్బాయి ఒకడు తెల్లబోయాడు. "మేమూ ఆ గదిలోనే తీశాం కదా! స్టూడియోకి ఉన్నదే ఒక్క ఎర్రగోడ."

ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసినదాన్ని ఒక్కసారైనా తలుచుకోలేదు, అంతే.

మర్నాడు రంగయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆమె తనే రంగులు సరిచేద్దామని కూర్చుంటే అక్కాచెల్లెళ్ళిద్దరికీ కామెర్లు వచ్చాయి. వాటిని తగ్గించబోతే జ్వరం తగిలినట్టు ముఖాలు కందిపోయాయి. అన్నీ కళ్ళకి కనపడుతూనే ఉన్నాయి గానీ ఏది ఎంత ఉండాలో తెలియడం లేదు. కంప్యూటర్ కట్టేసి అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

వీధి గదిలో కుట్టు మిషను ముందు అతని అక్క కూర్చుని ఉంది. మెడలో టేపు, బల్ల మీద దారపు ఉండలు. ఆమెని ఎగాదిగా చూసింది.

"చెవులమ్మవి నువ్వేనా? మావాడు ఇంటికొచ్చి నీ పేరెత్తి ఒక్క మాట తిట్టలేదు. అందుకని వాడి తరఫున నేను తిడదామని దాచుకున్నా."

"తిట్టండి అక్కా."

ఆవిడ నిజంగానే తిట్టింది. గట్టిగా, మొహమాటం లేకుండా, మధ్యలో దారం తెంపుకుంటూ తిట్టింది. తిట్టడం అయ్యాక మంచినీళ్ళు ఇచ్చి, "ఒరేయ్, బయటికి రా!" అని కేకేసింది.

రంగయ్య గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోలేదు.

"నన్ను నేరుగా ఎందుకు అడగలేదు?"

"అడిగితే అబద్ధం చెబుతావనుకున్నాను."

"చెప్పేవాణ్ణే," అన్నాడు. "ఈ సంగతి తెలిస్తే ఈ పని నాకు ఇవ్వరు. నాకు ఈ పనే కావాలి."

ఆమె క్షమించమని అడిగింది. అతను సరేనన్నాడు గానీ ముఖంలో ఆ సరే లేదు.

మాస్టారు పని అతని దగ్గరే ఉంచారు. అక్క కుదిరినప్పుడల్లా కాలేజీకే వచ్చి పక్కన కూర్చుని చెప్పేది. "ఇది ఇటుక ఎరుపురా, కుంకుమ ఎరుపు కాదు" అంటే అతను గ్రాఫు చూసి ఇంకొంచెం కదిపేవాడు. అక్క చెప్పినంత సూక్ష్మంగా రంగుల్ని ఆ క్లాసులో ఎవరూ చెప్పలేరు. అక్క పేరు కూడా సినిమా చివర వేయాలని రంగయ్య పట్టుబట్టాడు. కెప్టెన్ తలొంచుకుని ఒప్పుకున్నాడు. తెరని అతనిప్పుడు ఎటూ తిప్పేవాడు కాదు. అలాగని చెవులమ్మతో పనికి మించి ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు.

సినిమా అప్పజెప్పే ముందురోజు చివరిసారి కలిసి చూశారు. అయిపోయాక రంగయ్య తటపటాయిస్తూ అన్నాడు. "చెల్లెలు వెళ్ళిపోయేటప్పుడు తలుపు చప్పుడు కొంచెం ఆలస్యంగా పడుతోంది. తలుపు మూసుకున్నాక వినపడుతోంది."

ఆమెకి చురుక్కుమంది. నా చెవులకి నువ్వు చెబుతావా? కక్ష తీర్చుకుంటున్నాడేమో! అందరూ వెళ్ళేదాకా ఆగి, తలుపు గడియ వేసుకుని, ఆ చోటుని ఒంటరిగా వేసి చూసుకుంది. మళ్ళీ వేసింది. కళ్ళు మూసుకుని వింది, చెవులు మూసుకుని చూసింది.

ఆలస్యంగానే పడుతోంది.

చప్పుడుని రవ్వంత ముందుకి జరిపింది. గడియ తీసి వరండాలోకి వెళ్తే, రంగయ్య అక్కతో కలిసి మెట్లు దిగుతున్నాడు.

"నువ్వన్నది నిజమే," అని పైనుంచే కేకేసింది. "ఆలస్యమైంది. సరిచేశాను."

అతను వెనక్కి తిరిగి చూశాడు. "వింటే తెలుస్తుంది కదా," అన్నాడు. అది ఎత్తిపొడుపో, మంచి మాటో ఆమెకి తేలలేదు. అడగాలనుకుంది. ఈసారి నిజంగానే, మెట్లు దిగి వెళ్ళి, అడిగింది.