కొండమ్మ చేతులు

అయినా దురద అలవాటైపోతుందని చెప్పినవాళ్లెవరో ఫైబర్ విగ్రహాలు చేసేవాడి బట్టలు ఉతికి ఉండరు, అనుకుంది కోటేశ్వరి, మొగుడి చొక్కా మూడోసారి జాడిస్తూ. కంటికి కనపడని గాజు నూగు. మిగతా బట్టల్లో కలిపితే ఇంటిల్లిపాదీ గోక్కుంటారు. అందుకే ఆయనవీ తనవీ వేరే బకెట్. పెళ్లయిన పదిహేడేళ్లలో ఇద్దరికే అని మిగిలింది ఈ బకెట్ ఒక్కటేనేమో. నవ్వొచ్చింది.

గురునాథం మంచివాడే. పని దిగాక కోటేశ్వరి మోచేతులకు కొబ్బరినూనె రాస్తాడు. షెడ్డుకు ఎవరైనా వస్తే మాత్రం "మా ఆవిడండీ, ఊరికే సాయానికొస్తుంది" అంటాడు. అచ్చులో గాజుపీచు పరిచి, రెసిన్ జిగురు పూసి, బుడగ లేకుండా బ్రష్షుతో అదిమేది తను. అదీ ఊరికే సాయం. అత్తగారు వెంకాయమ్మ మరీను. "మావాడి చేతిలో కళ ఉందే. నువ్వు మట్టి పిసుకుతావు, అంతేగా" అని, ఆ నోటితోనే "ముందు తిను, చల్లారిపోతుంది" అంటూ కంచం జరుపుతుంది. ఆవిడ మీద కోపం నిలబెట్టుకోవడం కోటేశ్వరికి ఏనాడూ చేతకాలేదు.

బట్టలు ఆరేసి, చిలకలూరిపేట హైవే పక్కనున్న షెడ్డుకు వెళ్లింది. కొండమ్మ విగ్రహం ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. మిరపకాయలకు తొడాలు తీసి కొడుకును చదివించిన మనిషి. ఆ కొడుకు నాగేంద్రబాబు ఇప్పుడు తన కోల్డ్ స్టోరేజీ ముందు అమ్మను నిలుపుకుంటున్నాడు. ఆయనిచ్చిన ఫొటోలో ముఖమే ఉంది, చేతులు లేవు. అందుకని గురునాథం కోటేశ్వరి చేతులకే ప్లాస్టర్ పోసి అచ్చు తీశాడు. ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కుతుంటే "కాలుతోందా కోటీ" అని పదిసార్లు అడిగాడు.

నిన్న నాగేంద్రబాబు వచ్చి, ముఖం చూసి కళ్లు తుడుచుకున్నాడు. చేతుల దగ్గర ఆగిపోయాడు.

"ఇవేంటండీ, ఇంత మొరటుగా? పదిమంది చూసేది. కాస్త నున్నగా చేయించండి."

"అదెంత పనండీ" అన్నాడు గురునాథం.

ఇప్పుడాయన నునుపు చేసే ఉప్పుకాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "పగుళ్లూ కణుపులూ కనపడకూడదు కోటీ. మధ్యాహ్నానికి రంగు వేసెయ్యాలి."

ఆమె విగ్రహం ముందు కూర్చుంది. కొండమ్మ కూడా పిల్లాణ్ని ముట్టుకునే ముందు ఎన్నిసార్లు చేతులు కడుక్కుందో. ఎంత కడిగినా కారం పోక, వాడి కళ్లకు తగులుతుందని మోచేతుల మీదే ఎత్తుకుని ఉంటుంది, గాజు నూగుకు భయపడి ఒకప్పుడు తను తన పాపను ఎత్తుకున్నట్టు. వాడికది ఎలా గుర్తుంటుంది? కుడి బొటనవేలి మీద రెసిన్ కాలిన మచ్చ తనది. మిగిలిన మొరటుతనం ఇద్దరిదీ. నాలుగు సార్లు రుద్దితే ఇద్దరూ పోతారు.

"ఏంటి, మొదలెట్టలేదా?" అన్నాడు గురునాథం పక్కన గొంతుక్కూర్చుంటూ.

కోటేశ్వరి ఉప్పుకాగితం తిరిగి ఆయన చేతిలో పెట్టింది. విగ్రహం చేతుల పక్కన తన రెండు చేతులూ చాపింది.

"ముందు వీటిని నున్నగా చెయ్యండి."